మిద్దె మీద మీటర్ గేజీ



మాది నందికొట్కూరు. మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే పడమటికి కర్నూలన్నా పోవాల, దక్షిణానికి నంద్యాలన్నా పోవాల. బస్సులోనో జీపులోనో కూర్చుని, రైలు టైముకు అందుకుంటామో లేదో అని గడియారం చూసుకుంటూ పోవడం మా ఊళ్లో అందరికీ అలవాటే. అయినా పోయిన ఆదివారం పొద్దున పది దాటి అయిదు నిమిషాలకు నందికొట్కూరు టేషన్లోకి ఒక ప్యాసింజరు బండి వచ్చి నిలబడింది. ముందర డీజిల్ ఇంజను, వెనక మూడు పెట్టెలు. ఆ టేషను మా ఇంటి మిద్దె మీది గదిలో, ఒక ప్లైవుడ్ బల్ల నడిమధ్యలో ఉంది. ప్లాట్‌ఫారం పొడుగు జానెడున్నర. దాన్ని కట్టడానికి నాకు నలభైకి పైగా ఆదివారాలు పట్టింది. ఆ ఆదివారాల సంగతే ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చినాను.

నేను పొలం మోటార్లు రివైండింగ్ చేసే పనివాణ్ణి. బోరు మోటారు కాలిపోతే ఊడదీసి, పాత తీగ తెంపి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఎండబెట్టి ఇస్తాను. వారానికి ఆరు రోజులు అదే పని. ఆదివారం అంగడికి సెలవు. శనివారం రాత్రి అన్నం తిన్నాక మిద్దెక్కితే, మళ్లీ ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకే కిందికి దిగేది.

ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే గాజులపల్లెలో. నంద్యాల దాటి గుంటూరు వైపు పోతే నల్లమల అడివి మొదలయ్యే చోట ఉండే టేషను అది. నా చిన్నప్పుడు మా మేనమామ అక్కడ రైల్వేలో కీమ్యాన్. వేసవి సెలవులకు అక్కడికే పోయేవాణ్ణి. పొద్దున చీకటితోనే ఆయన భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్ర జెండా పచ్చ జెండా చుట్టుకుని పట్టాల వెంబడి నడిచి పోయేవాడు. పట్టాను దిమ్మెకు బిగించే ఇనుప తాళం వదులైతే ఒక్క దెబ్బతో బిగించేవాడు. ఆ దెబ్బ శబ్దం వినే, ఇది గట్టిగా ఉంది, ఇది వదులైంది అని చెప్పేవాడు. అప్పట్లో అది మీటర్ గేజీ. రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. నేను పట్టాకు చెవి ఆనించి బండి వస్తాందా అని వింటుంటే, "రేయ్, చెవి తీయ్, ఎండకు కాలుతుంది" అని అరిచేవాడు. ఇంటి దగ్గర అగ్గిపెట్టెలకు దారం కట్టి లాగిన రైలుకు, ఈ రైలుకు మధ్య ఏదో ఒక రైలు నేనే చేయాలని అప్పుడే మనసులో పడిందేమో.

ఆ లైను పుట్టుక మా సీమ వాళ్లకు తెలిసి ఉండాల్సిన సంగతి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు పడింది. గింజలున్న చోటి నుంచి లేని చోటికి చేర్చే దారి లేక ఎన్ని ఊళ్లు పాడుపడినాయో మన పెద్దలు చెప్పగా విన్నాం. ఆ కరువు తర్వాత, 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. కరువు సీమలకు తిండి చేర్చడం ఆ పట్టాలు వేయడానికి ఒక ముఖ్య కారణం. గుంతకల్లు నుంచి డోన్, బేతంచెర్ల, నంద్యాల మీదుగా నల్లమలను దాటి గుంటూరు వైపు పోయే మీటర్ గేజీ ఆ 1880ల చివరి సంవత్సరాల్లో పడింది. అదే 1882లో మా కె.సి. కెనాలును మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దగ్గర నుంచి సర్కారు కొనుక్కుంది. సుంకేసుల నుంచి కడప దాకా పోయే ఆ కాలువలో ఒకప్పుడు పడవలు కూడా తిరిగినాయి. అట్ల నంద్యాలకు రైలొచ్చింది, మాకు కాలువ వచ్చింది. కాలువ వచ్చినందుకు మాకు అన్నం దొరికింది, అందులో అనుమానం లేదు. అయినా మనసు రైలు మీదికి పోతుంది.

1990లలో గేజీ మార్పిడి జరిగినప్పుడు ఆ మీటర్ గేజీ పట్టాలు లేచిపోయి బ్రాడ్ గేజీ వచ్చింది. 1992లో దేశమంతా ఒకే గేజీ ఉండాలని పెట్టుకున్న పథకంలో అదొక భాగం. మంచిదే. బండ్లు పెద్దవైనాయి, వేగం పెరిగింది, గూడ్సు ఒకచోట దించి ఇంకోచోట ఎక్కించే బాధ తప్పింది. కానీ నేను చెవి ఆనించిన పట్టా ఇప్పుడు ఎక్కడా లేదు. అందుకే చేస్తే మీటర్ గేజీనే చేయాలనుకున్నాను.

ఇక్కడ మొదటి లెక్క వచ్చింది. ప్రపంచంలో చిన్న రైళ్లు చేసేవాళ్లకు కొన్ని కొలతలు స్థిరపడి ఉన్నాయి. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ 1891లో లైప్జిగ్ సంతలో బొమ్మ రైళ్లకు నిర్ణయమైన గేజీలు పెట్టి చూపించింది. ఇంకో పెట్టె, ఇంకో పట్టా తర్వాత కొనుక్కున్నా సరిగ్గా కూర్చోవాలని ఆ ఆలోచన. ఇప్పుడు ఎక్కువమంది వాడేది హెచ్.ఓ. కొలత, అసలు రైలులో 87వ వంతు. దానికంటే చిన్నది ఎన్ కొలత, 160వ వంతు. ఎన్ కొలతలో పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. నాకు దొరికింది, నేను కొనగలిగింది ఆ 9 మిల్లీమీటర్ల పట్టాయే. కానీ అది విదేశాల స్టాండర్డ్ గేజీకి, అంటే 1435 మిల్లీమీటర్లకు సరిపోయే లెక్క. మన మీటరుకు కాదు.

ఒక రాత్రి అంగట్లో కూర్చుని బిల్లు కాగితం వెనక లెక్క వేసినాను. మీటరు అంటే 1000 మిల్లీమీటర్లు. దాన్ని 9తో భాగిస్తే 111. అంటే నేను ఊరిని, మనుషులను, చెట్లను, పెట్టెలను అన్నింటినీ 111వ వంతుకు చేస్తే, అదే పట్టా అచ్చంగా మన మీటర్ గేజీ అయిపోతుంది! ఆ తర్వాత ఇంకొకటి గమనించి కుర్చీలోంచి లేచి నిలబడినాను. మీటర్ గేజీ చెక్క స్లీపరు పొడుగు దాదాపు 1830 మిల్లీమీటర్లు. 111తో భాగిస్తే పదహారున్నర. స్కేలు పెట్టి చూస్తే నా దగ్గరున్న పట్టా కింద స్లీపరు కూడా ఇంచుమించు అంతే ఉంది. స్లీపర్ల మధ్య ఎడం మాత్రం మరీ దగ్గరగా ఉంది. కింద ప్లాస్టిక్ ఈనెలు బ్లేడుతో కోసి, ఒక్కో స్లీపరును జరిపి జరిపి 6 మిల్లీమీటర్ల ఎడంలో పెట్టినాను. ఒక గజం పట్టాకు ఒక ఆదివారం. మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ పని చేస్తున్నప్పుడు టైము తెలియలేదు.

ఈ లెక్కలో మనిషి ఎంత ఉంటాడో చెబుతాను. అయిదున్నర అడుగుల మనిషి 15 మిల్లీమీటర్లు. రెండు బియ్యపు గింజలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. రాగి తీగ ముక్కను వంచి కాళ్లు చేతులు చేసి, మైనం పూసి, రంగు వేసి మా పాప పన్నెండు మందిని చేసింది. ఒకాయన తలకు రుమాలు చుట్టుకున్నాడు. ఒకామె నెత్తిన గంప పెట్టుకుంది. ఆ గంప మిరియపు గింజ డొప్ప.

బల్ల సంగతి. ఎనిమిది అడుగులు పొడుగు, నాలుగు అడుగులు వెడల్పు ఉండే మామూలు ప్లైవుడ్ షీటు కొని ఆటోలో వేసుకొచ్చినాను. మిద్దె మెట్ల మలుపులో అది తిరగలేదు. నిలబెట్టి చూసినాం, పడుకోబెట్టి చూసినాం, గోడ సున్నం రాలింది గానీ షీటు పోలేదు. చివరికి వీధిలోనే వడ్రంగి చేత నడిమికి రెండుగా కోయించి, పైకి తీసుకుపోయి బోల్టులు వేసి కలిపినాం. ఆ అతుకు మీద రెండుసార్లు పట్టా పోవాల. ఆ అతుకే ఈనాటికీ నాకు పరీక్ష. మొదట్లో అది ఎండకు జరుగుతుందనుకున్నాను. ఇనుప పట్టా ఎండకు సాగుతుంది, అందుకే అసలు రైలు పట్టాల మధ్య సందు వదులుతారు, ఇదీ అట్లాంటిదే అని. కానీ చూస్తూ పోతే, మే నెలలో కంటే వానలు పడే రోజుల్లోనే ఎక్కువ జరుగుతోంది. సాగింది పట్టా కాదు, చెక్క. గాలిలో తడి పీల్చుకుని ఉబ్బుతోంది. పక్కలకు, అడుగుకు అంతా రెండు పూతలు వార్నిష్ కొట్టినాక నెమ్మదించింది. మోటారు చుట్టకు వార్నిష్ ఎందుకు పోస్తామో తెలిసినవాణ్ణి, ఈ బల్లకు ముందే ఎందుకు పూయలేదో అని బాధపడినాను.

వంపులకు కూడా ఒక లెక్క ఉంది. మన రైల్వేలో మీటర్ గేజీకి 16 డిగ్రీల వంపు దాటనివ్వరు. అంటే ఆ వంపు వృత్తానికి వ్యాసార్ధం 109 మీటర్లు. నా కొలతలో అది 98 సెంటీమీటర్లు అవుతుంది. నాలుగు అడుగుల బల్ల మీద అది పట్టదు. నేను పెట్టగలిగింది 40 సెంటీమీటర్లు. అసలు లెక్కకు తెస్తే 44 మీటర్లు. అది కొండ రైళ్లు తిరిగే నేరో గేజీ వంపు. ఈ ఒక్క చోట నేను అబద్ధం ఆడక తప్పలేదు. అందుకని పెట్టెలు కూడా కురచ చేయాల్సి వచ్చింది. మీటర్ గేజీ పెట్టె 19 మీటర్ల పైచిలుకు ఉండేది, నా లెక్కలో 17 సెంటీమీటర్లు దాటాల. 14 దగ్గర ఆపినాను. లేకుంటే వంపులో పెట్టె నడుము లోపలికి పోయి పక్కనున్న సిగ్నలు స్తంభాన్ని కొట్టేస్తుంది.

పెట్టెలు దేంతో చేసినాననుకుంటున్నారు? పెండ్లి పత్రికలతో. మా ఇంట్లో ఒక సంచెడు ఉన్నాయి. మంచి దళసరి అట్ట, వంగదు, బ్లేడుకు శుభ్రంగా తెగుతుంది. ఒక పెట్టె లోపలి గోడ మీద ఇప్పటికీ వధువు అని ఉన్న అక్షరాలు కిటికీలోంచి కనిపిస్తాయి. ఇంజను కింద భాగం మాత్రం కొన్నదే. ఎవరో వాడి వదిలేసిన విదేశీ ఇంజను చక్రాలూ మోటారూ. దాని మీద అట్టతో మన వై.డి.ఎం.4 ఒళ్లు కట్టినాను. వై అంటే మీటర్ గేజీ, డి అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజరుకూ గూడ్సుకూ రెండింటికీ పనికొచ్చేది. ఆ మోటారును చేతిలో పట్టుకున్నప్పుడు నాకు భలే సంతోషమేసింది. చిటికెన వేలి గోరంత ఆర్మేచరు, మూడు చుట్టలు. నేను అంగట్లో చుట్టే మోటారుకు ఇది మనవరాలు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఇది నా సొంత విద్య, అయినా ఇక్కడే మొదటి దెబ్బ తిన్నాను.

ఈ చిన్న రైలుకు కరెంటు పట్టాల్లోంచే పోతుంది. ఒక పట్టా ప్లస్, ఒక పట్టా మైనస్, 12 ఓల్టుల డి.సి. చక్రాల ద్వారా మోటారుకు చేరుతుంది. రెండు తీగలు తిప్పి పెడితే బండి వెనక్కి పోతుంది. మెయిన్ లైను చుట్టు మొత్తం పూర్తయిన రోజు, తీగలు కలిపి బండి వదిలినాను. ముందర చక్కగా పోయింది. వెనక మూలకు పోయేసరికి ముసలి ఎద్దులాగా ఈడ్చుకుంది. మళ్లీ ముందుకొచ్చేసరికి ఉరికింది. మళ్లీ వెనకపోతే ఈడ్చుకుంది. మోటారు తప్పేమో అని విప్పినాను. చక్రాలు తుడిచినాను. ఆ ఆదివారమంతా పోయింది. రాత్రి పడుకున్నాక తట్టింది. పొద్దున లేస్తే నా దగ్గరకు వచ్చే రైతులు చెప్పే మాటే అది. లైను చివర ఉన్న బోరుకు ఓల్టేజీ అందదు, మోటారు మూలుగుతుంది, కాలుతుంది. కాలువ చివరి మళ్లకు నీళ్లు అందనట్టే. లేచిపోయి మీటరు పెట్టి చూస్తే ముందర 12, వెనక మూల ఎనిమిదిన్నర. పట్టాకు పట్టాకు మధ్య ఉన్న చిన్న రేకు అతుకులే ఓల్టేజీ అంతా తినేస్తున్నాయి.

తర్వాతి రెండు ఆదివారాలు బల్ల కింద పడుకునే గడిపినాను. లావుపాటి రాగి తీగలు రెండు బల్ల కింద చుట్టూ పరిచి, ప్రతి పట్టా ముక్క నుంచి ఒక సన్న తీగ కిందికి దించి, వాటికి సోల్డరు పెట్టినాను. ఇప్పుడు ఎక్కడ మీటరు పెట్టినా 12 చూపిస్తుంది. పైన చూసేవాళ్లకు అవేవీ కనబడవు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద చదువుల సంస్థలో 1946లో పెట్టిన రైలు మోడళ్ల క్లబ్బు ఒకటి ఉంది. అక్కడ కొందరు కొండలూ ఇళ్లూ కట్టడం మీద మనసు పెడితే, ఇంకొందరు బల్ల కింద తీగల్లోనే, టెలిఫోను రిలేల్లోనే ఉండిపోయేవాళ్లు. ఆ బల్ల కింది పిల్లలే తర్వాత కంప్యూటర్ల మీదికి పోయి, హ్యాకర్లు అనే మాటకు పేరు తెచ్చినవాళ్లలో మొదటి తరం అయినారు. ఆ సంగతి చదివినప్పుడు, బల్ల కింద నేనొక్కణ్ణే కాదు అనిపించింది.

ఇంకొక సుఖం చెప్పాల. ఇది 12 ఓల్టులది కాబట్టి ఊళ్లో కరెంటు పోయినా స్కూటరు బ్యాటరీతో నడుస్తుంది. గదిలో ఫ్యాను ఆగిపోతుంది, దీపం ఆరిపోతుంది, బండి మాత్రం ముందర లైటు వేసుకుని పోతూ ఉంటుంది.

మెయిన్ లైను అంటే మా మామ నడిచిన లైను. దాని నుంచి చీలి ఎత్తుకు ఎక్కి, మెయిన్ లైను మీదుగా వంతెన దాటి, బల్ల నడిమికి వచ్చేది మా ఊరి బ్రాంచి లైను. ఈ భూమ్మీద లేని లైను అదొక్కటే. వంతెన కింద బండి పట్టాలంటే నాలుగున్నర సెంటీమీటర్లు పైకి పోవాల. నేను తొందరపడి, ముప్ఫైకి ఒకటి చొప్పున ఎత్తు పెట్టేసినాను. ఇంజను ఒక్కటైతే ఎక్కింది. మూడు పెట్టెలు తగిలిస్తే నడిమి వంపులో చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. ఇంజను బరువు పెంచుదామని సీసం ముక్కలు పెట్టి చూసినాను, అంతంత మాత్రమే. ముంబై నుంచి పుణె పోయే దారిలో భోర్ ఘాటు 37కు ఒకటి. అక్కడ ఈనాటికీ వెనక అదనపు ఇంజన్లు పెట్టి తోస్తారు. అంతకంటే నిట్రం నేను పెట్టి, ఒక్క చిన్న ఇంజనుతో ఎక్కమంటే ఎక్కుతుందా? అంతా పీకేసినాను. యాభైకి ఒకటి చేసినాను. దానికి రెండుంపావు మీటర్ల పొడుగు కావాల్సి వచ్చి, బ్రాంచిని కుడి చివరి నుంచే బయటి వైపుగా తిప్పుకుని రావాల్సి వచ్చింది. ఎక్కుడు మొదలయ్యే చోట కూడా ఒక్కసారిగా కాకుండా, పల్లెం అంచులాగా నెమ్మదిగా లేపినాను. ఇప్పుడు ఎక్కుతుంది. వంపులో కొంచెం ఆలోచించినట్టుగా ఆగి ఎక్కుతుంది. ఆ చోట నేను ఊపిరి బిగబట్టుకుంటాను, ఈరోజుకీ.

వంతెన పక్కన మా కె.సి. కెనాలు కూడా పెట్టినాను. కాలువ లేకుండా మా ఊరు ఎట్ల అవుతుంది? నీళ్లకు తెల్ల జిగురు పోస్తే ఆరినాక అద్దంలాగా అవుతుందని విని, కాలువ నిండా ఒకేసారి పోసేసినాను. పది రోజులైనా పాలకాలువలాగే ఉంది. పైన చర్మం కట్టింది, లోపల ఆరలేదు. గీకి తీసి, పలచగా ఒక పూత, అది ఆరినాక ఇంకొక పూత, అట్ల వారానికి రెండు చొప్పున పదకొండు పూతలు వేసినాను. అడుగున కొంచెం ఎర్రమట్టి రంగు, అంచున కొంచెం పచ్చ. ఇప్పుడు సాయంత్రం కిటికీ ఎండ పడితే నీళ్లు కదిలినట్టే ఉంటుంది.

పట్టాల కింద కంకర గురించి చెప్పకపోతే బేతంచెర్ల వాళ్లు కోపం చేసుకుంటారు. అసలు రైలు కంకర 65 మిల్లీమీటర్ల సైజుకు కొడతారు. నా లెక్కలో అర మిల్లీమీటరు చిల్లర. ఇసుక వేసి చూస్తే మెరుస్తుంది, ఎడారిలాగా అవుతుంది. బేతంచెర్లలో నాపరాళ్లు కోసే మిషన్ల కింద పడే పొడి ఒక సంచి తెచ్చుకున్నాను. దాన్ని ముందు సన్న గుడ్డలో జల్లించి దుమ్ము పోగొట్టి, తర్వాత టీ వడగట్టే జల్లెడలో పోస్తే కిందికి దిగేది సరిగ్గా నాకు కావాల్సిన కంకర. బూడిద రంగు, అక్కడక్కడా పసుపు జీర. అసలు ఆ లైను మీద పరిచింది కూడా ఆ చుట్టుపక్కల కొండల రాయే అయి ఉంటుందని అనుకుంటే నాకు తృప్తి. పట్టాల మధ్య పోసి, కుంచెతో సర్ది, నీళ్లలో జిగురు కలిపి గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, కంట్లో చుక్కల మందు సీసాతో ఒక్కో చుక్కా వదలాల. సబ్బు లేకుంటే చుక్క గుండ్రంగా నిలబడి కంకరను పక్కకు తోసేస్తుంది. సబ్బు ఉంటే మెల్లగా ఇంకిపోతుంది. మా ఇంటామె ఆ పని నాకంటే బాగా చేస్తుంది. ముగ్గు పెట్టే చెయ్యి కదా.

మీరు రేడియోలో వింటున్నారు, చూపించలేను. కాబట్టి శబ్దం చెబుతాను. మీటర్ గేజీ పట్టా ఒక్కోటి 12 మీటర్లు ఉండేది. అతుకు మీద చక్రం పోయినప్పుడల్లా టక్ మంటుంది. మా మామ నాకు ఒక కిటుకు చెప్పినాడు. బండిలో కూర్చుని 43 సెకన్లు లెక్కపెట్టు, ఎన్ని టక్‌లు వినబడితే గంటకు అన్ని కిలోమీటర్ల వేగం అని. పెద్దయ్యాక లెక్క వేసి చూస్తే అది సరిగ్గా ఉంది. ఇప్పుడు పట్టాలను కలిపి వెల్డింగు చేస్తున్నారు కాబట్టి ఆ శబ్దం చాలా చోట్ల లేదు. నా బల్ల మీద పట్టా గజం పొడుగు ముక్కలు. అందుకని 108 మిల్లీమీటర్లకు ఒకచోట, పట్టా పైన సన్నని రంపంతో ఒక గీటు పెట్టినాను. బండి గంటకు 30 కిలోమీటర్ల లెక్కన పోవాలంటే నా బల్ల మీద సెకనుకు ఏడున్నర సెంటీమీటర్లు పోవాల. చూసేవాళ్లు మొదట ఇంత నిదానమా అంటారు. కొంచెం సేపు చూసినాక ఎవరూ మాట్లాడరు. టిక్, టిక్ అని వింటూ ఉంటారు.

ప్రపంచంలో ఇంతకంటే వేయి రెట్లు గొప్పవి ఉన్నాయి. జర్మనీలో హాంబర్గులో 2001లో మొదలైన మినియాటూర్ వుండర్‌లాండ్‌లో 15 కిలోమీటర్లకు పైగా చిన్న పట్టాలు పరిచినారట. మన దేశంలో పుణెలో, కొత్రూడ్ పేటలో జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియం ఉంది. బి.ఎస్. జోషి గారు సరదాగా మొదలుపెట్టిన పని పెరిగి పెరిగి 1998 ఏప్రిల్‌లో అందరూ చూసే మ్యూజియం అయింది. నేను ఒకసారి పోయి చూసినాను. లైట్లు తగ్గించి రాత్రి చేస్తారు, ఇళ్లల్లో దీపాలు వెలుగుతాయి, బండ్లు వాటంతటవే ఆగి వాటంతటవే కదులుతాయి. అంత పని చూసి వచ్చినాక నాది చిన్నదని అనిపించలేదు. ఇంటికొచ్చి వెంటనే మిద్దెక్కి టేషనులో దీపం పెట్టినాను.

అన్నింటికంటే నేను మురిసిపోయేది నడపడంలో. కట్టినంత కాలం నేనే పెద్ద. నడపడం మొదలైనాక పెద్ద ఎవరంటే మా పాప. తొమ్మిదో తరగతి చదువుతుంది. నందికొట్కూరు టేషన్ మాస్టరు ఆమె. మా మేనల్లుడు గూడ్సు డ్రైవరు. నాకు ప్యాసింజరు.

ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా రైల్వేలో ఒక ఏర్పాటు ఉండేది. నీల్స్ బాల్ టోకెన్ అంటారు. రెండు టేషన్లలో రెండు మిషన్లు, వాటి మధ్య కరెంటు తీగ. ఒకసారి ఒక్క ఇనుప గుండే బయటికి వస్తుంది. ఆ గుండు బెత్తపు వలయం సంచిలో పెట్టి డ్రైవరుకు ఇస్తారు. అది చేతిలో ఉన్నవాడే ఆ లైను మీదికి పోవాల. అవతలి టేషన్లో అప్పజెప్పి మిషన్లో వేసిందాకా ఇంకొక గుండు రాదు. గాజులపల్లెలో ఆగకుండా పోయే బండి డ్రైవరు, ఇంజనులోంచి చెయ్యి చాచి ఆ వలయం అందుకోవడం నేను కళ్లారా చూసినాను. మా మిద్దె మీద మా ఇంటామె గాజు ఒకటి టోకెను. రెండు కొక్కేలు పెట్టినాను, టేషన్ మాస్టరుది ఒకటి, డ్రైవరుది ఒకటి. డ్రైవరు కొక్కేనికి గాజు తగిలిస్తేనే స్విచ్చు పడి బ్రాంచి పట్టాల్లోకి కరెంటు పోతుంది. గాజు ఒక్కటే కాబట్టి పోయే బండీ ఒక్కటే.

పోయిన నెలలో ఒక ఆదివారం చుట్టాలు వచ్చినారు. వాళ్లకు ప్యాసింజరు మా ఊరికి ఎక్కడం చూపించాలని నాకు ఉబలాటం. గాజు అడిగినాను.

"గూడ్సు డ్రైవరు దగ్గరుంది నాయనా. లైన్ క్లియర్ లేదు" అంది.

"ఒక్క నిమిషం పాపా, చుట్టాలు పోతారు."

"ఉండనీ. నువ్వు హోం సిగ్నలు దగ్గర నిలుపు."

నిలిపినాను. సిగ్నలు చీపురు పుల్లకు రేకు చెయ్యి పెట్టి చేసినది. అడ్డంగా ఉంటే ఆగాల, కిందికి వాలితే పోవాల. మేనల్లుడు పత్తి బేళ్ల గూడ్సును నెమ్మదిగా దించుకుని వచ్చి, వ్యాగన్లు పక్క లైన్లో వదిలి, ఇంజను విడదీసుకుని, గాజు తెచ్చి పాప చేతిలో పెట్టినాడు. నాలుగు నిమిషాలు పట్టింది. చుట్టాలు ఎవరూ లేవలేదు. చెయ్యి కిందికి వాలినప్పుడు వాళ్లే "ఆ, పోనీ పోనీ" అన్నారు. ఆ నాలుగు నిమిషాలు నాకు గాజులపల్లె కళ్లముందు కనిపించింది.

శనివారం రాత్రి నా పని ఏమిటో తెలుసా? గుడ్డకు స్పిరిటు అద్దుకుని పట్టాల వెంబడి చూపుడు వేలు నడిపిస్తూ పోవడం. మా ఊరి దుమ్ము మీకు తెలియనిది కాదు. వారం రోజుల్లో పట్టా మీద సన్నని పొర పడుతుంది, కరెంటు అందదు, బండి తడబడుతుంది. ఏ గీటు దగ్గర వేలికి గరుకు తగులుతుందో, ఏ అతుకు పైకి లేచిందో అక్కడ ఆగి సరిచేసుకుంటాను. మా మామ ఇప్పుడు లేడు. ఆయన సుత్తి మా అత్త ఇచ్చింది, ఆ గదిలోనే గోడకు ఉంది.

పోయిన ఆదివారం సంగతితో ముగిస్తాను. టేషనుకు పేరు బోర్డు పెట్టినాం. పసుపు మీద నల్ల అక్షరాలు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో. అక్షరం ఎత్తు రెండు మిల్లీమీటర్లు. భూతద్దం పెట్టుకుని ఒక్క వెంట్రుక కుంచెతో పాప రాసింది. "కొట్కూరు"లో కకార వత్తు దగ్గర రెండుసార్లు చెదిరిపోయింది, మూడోసారి కుదిరింది. అది ఆరుతుండగా కింద ఎవరో పిలిచినారు. మిడుతూరు దగ్గరి నుంచి ఒక పెద్దాయన, మోటారు ఎప్పుడిస్తావని అడగడానికి వచ్చినాడు. పైకి రమ్మన్నాను. మెట్లెక్కి వచ్చి, రుమాలుతో మొగం తుడుచుకుని, కుర్చీలో కూర్చుని బల్ల వైపు చూసినాడు. బండి గంప నెత్తిన పెట్టుకున్న ఆమె ముందు నుంచి పోయి, కాలువ దాటి, ఎక్కుడు ఎక్కి, వంతెన మీదుగా వచ్చి ఆగింది. ఆయన ముందుకు వంగి బోర్డు చదివినాడు. పెదవులు కదిపి, మెల్లగా, ఒక్కొక్క అక్షరం.

చాలా సేపు మాట్లాడలేదు. తర్వాత పాప వైపు తిరిగి అడిగినాడు.

"కర్నూలుకు పొద్దున బండి ఉందా తల్లీ? ఆసుపత్రికి పోవాలంటే చీటీ రాసేలోపల చేరుకోవాల."

పాప నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. టైములు రాసుకునే పలక గోడ నుంచి దించి, మొదటి వరుస తుడిచి, బలపంతో 6.40 అని రాసింది.